డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు – ఎముకలో నిలిచిన పసుపు గీత

గోదావరీ మండలంలో పుట్టి, కన్నతల్లికీ కట్టుకున్న ఇల్లాలికీ దూరంగా, వేల మైళ్ళ ఆవల అమెరికాలో కన్నుమూసిన తెలుగు వైద్యశాస్త్రజ్ఞుడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన జీవితాన్ని గూర్చి ఇదివరకే పలువురు వ్రాశారు. పాఠ్యపుస్తకాలలోనూ ఆయన పేరు కనబడుతుంది. అయినప్పటికీ మేము ఈ సంచికలో ఆ మహనీయుని కథను మరల చెప్పదలచుటకు ఒక కారణం ఉన్నది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగములైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలు నేడు మూడు వేరువేరు జిల్లాలు. వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాలలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనాయి. ఒకప్పుడు వైద్యవిద్య కోసం హైదరాబాదుకో కర్నూలుకో పోవలసిన మన విద్యార్థులు నేడు తమ ఊరి దాపునే తెల్లకోటు తొడుగుకొనే అవకాశం వచ్చింది.

వైద్య కళాశాలలో చేరిన విద్యార్థి మొదటి సంవత్సరంలోనే సూక్ష్మదర్శిని క్రింద ఎముక ముక్కను చూస్తాడు. గాజుపలకపై కాగితం కంటె పలుచగా పరచిన ఆ ముక్కలో వలయములూ, నాళములూ, సాలెపురుగుల వంటి నల్లని గూళ్ళూ కనిపిస్తాయి. ఆ దృశ్యం వెనుక ఎందరి శ్రమ ఉన్నదో ఆ విద్యార్థికి తెలిసే అవకాశం తక్కువ. సుబ్బారావుగారు ఎముకలను కోసి పలకలు తయారుచేసిన వ్యక్తి కారు. కాని ఎముకలోని భాస్వరాన్ని కొలుచుటకు ఒక సాధనం, ఎముక నడుమనుండే మజ్జను బాగుచేయుటకు ఒక ఔషధం, ఎముక ఎంత వేగంగా పెరుగుతున్నదో తెలుపుటకు ఒక రంగుగీత – ఈ మూడింటి వెనుకా ఆయన ఉన్నారు. మూడవదానిని చూచుటకు ఆయన బ్రతికి లేరు. ఈ మూడు మెట్ల మీదుగానే ఆయన జీవితాన్ని మేము పాఠకులకు వివరిస్తాము.

బాల్యము, విద్య

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానం గల ఆ సంసారాన్ని పేదరికం ఎన్నడూ విడువలేదు. బాలుడైన సుబ్బారావుకు మొదట చదువుపై మనసు నిలువలేదు. పదమూడేండ్ల ప్రాయంలో కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావలెనని ఇల్లు విడిచి బయలుదేరినాడు. తల్లి వెనుకకు రప్పించి మరల బడికి పంపింది. తండ్రి మరణించిన పిమ్మట ఆ ఇల్లాలు తన నగలు అమ్మి కుమారుని చదివించినదని చెబుతారు.

మెట్రిక్యులేషన్ పరీక్ష ఆయనకు సులభంగా లొంగలేదు. రెండు పర్యాయములు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులైనారు. నేడు ఒక్క పరీక్ష తప్పగానే బ్రతుకు ముగిసినదని తలచే విద్యార్థులు ఈ సంగతిని మనసున నిలుపుకొనవలెను. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించిన పిదప ఆయన చూపు సన్న్యాసం వైపు మళ్ళింది. రామకృష్ణ మఠంలో చేరుటకు తల్లి అనుమతి ఇవ్వలేదు. వైద్యుడై ప్రజలకు సేవ చేయుట కూడ సన్న్యాసము వంటిదేనన్న ఆలోచన ఆయనను మద్రాసు వైద్య కళాశాలకు చేర్చింది.

అవి గాంధీజీ పిలుపు దేశమంతటా ప్రతిధ్వనిస్తున్న రోజులు. సుబ్బారావుగారు ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్స తరగతికి హాజరయ్యేవారు. అది ఆంగ్లేయుడైన ఆచార్యునికి రుచించలేదు. వ్రాతపరీక్షలలో బాగుగా వ్రాసినా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టం దక్కలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. తోనే తృప్తిపడవలసి వచ్చింది. ఆ తక్కువ పట్టం వలన మద్రాసు వైద్య ఉద్యోగాల ద్వారాలు ఆయనకు మూతపడినాయి.

1919లో శేషగిరి గారితో వివాహమైంది. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు అల్లుని చదువుకు ఆర్థికంగా అండగా నిలిచారు. ఆ కాలంలోనే ఆ కుటుంబంపై పిడుగు పడింది. స్ప్రూ అనే వ్యాధి వలన సుబ్బారావుగారి సోదరులు ఇద్దరు కొద్దిరోజుల వ్యవధిలో మరణించారు. తిన్న ఆహారం ఒంటబట్టక, ఎడతెగని విరేచనాలతో రక్తం క్షీణించి మనిషి ఎండిపోయే రోగమది. సుబ్బారావుగారికి కూడ అదే వ్యాధి సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్స వలన ఆయన బ్రతికి బయటపడినారు. తాను చదివిన పాశ్చాత్య వైద్యంలో ఈ రోగానికి మందు లేకపోవుట ఆయన మనసును కలచివేసింది. ఆ తరువాతి ముప్పది సంవత్సరాల పరిశోధనకు విత్తనం ఆ దుఃఖంలోనే పడినదని మేము భావిస్తున్నాము.

ఎముకలు బోధించిన ఉపాధ్యాయుడు

స్వస్థత చేకూరిన పిమ్మట ఆయన లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రాన్ని బోధించారు. ఎముకలను చేతబట్టి విద్యార్థులకు చూపుట ఈ శాస్త్రంలో తొలి పాఠం. ఈ విద్యకు పెద్ద చరిత్ర ఉన్నది. క్రీ.శ. 1200 ప్రాంతంలో ఈజిప్టు దేశాన్ని కరువు కబళించినప్పుడు అబ్దుల్ లతీఫ్ అల్ బాగ్దాదీ అనే హకీం కైరో సమీపాన గుట్టగా పడియున్న మానవుల ఎముకలను స్వయంగా పరీక్షించాడు. క్రింది దవడ రెండు ఎముకల కూర్పు అని గ్రీకు వైద్యుడైన గేలెన్ చెప్పిన మాటను వెయ్యేండ్లుగా అందరూ నమ్ముతూ వచ్చారు. అది ఒకే ఎముక అని అల్ బాగ్దాదీ కన్నులారా చూచి వ్రాశాడు. గ్రంథం చెప్పినదానికంటె కన్ను చూచినదే ప్రమాణమన్న సూత్రానికి ఇది గొప్ప ఉదాహరణ.

కంటికి కానరాని లోతులను చూచుటకు సూక్ష్మదర్శిని రావలసి వచ్చింది. పదునేడవ శతాబ్దం చివర, 1691లో ఇంగ్లండుకు చెందిన క్లాప్టన్ హావర్స్ ఎముకలోని సన్నని నాళాలను వర్ణించాడు. ఆయన పేరుతోనే వాటిని నేటికీ హావర్స్ నాళాలంటారు. రక్తనాళాలు వాటి గుండానే పోతాయి. ప్రతి నాళం చుట్టూ ఎముక పొరలు, చెట్టు మొద్దులోని వలయాలవలె, ఒకదానిపై ఒకటిగా అమరియుంటాయి. ఆ పొరల నడుమనున్న గూళ్ళలో ఎముక కణాలు నివసిస్తాయి.

ఈ దృశ్యాన్ని చూచుటకు ఎముకను పలుచని పొరగా చేయవలెను. ఇక్కడనే చిక్కు ఉన్నది. మెత్తని కండను కోసినట్లు ఎముకను కోయలేము. ఎముక బరువులో సుమారు మూడింట రెండువంతులు ఖనిజమే. కాల్షియం, భాస్వరం కలిసిన లవణమది. మిగిలినది ప్రధానంగా కొల్లాజెన్ అనే మాంసకృత్తు. ఖనిజం కాఠిన్యమును ఇస్తే కొల్లాజెన్ సాగే గుణమును ఇస్తుంది. ఈ రెంటిలో దేనిని నిలుపుకొందుమన్న దానినిబట్టి రెండు పద్ధతులు ఏర్పడినాయి.

మొదటిది అరగదీయు పద్ధతి. శుభ్రపరచి ఎండబెట్టిన ఎముకను సన్నని రంపంతో బిళ్ళగా కోస్తారు. ఆ బిళ్ళను నీటితో తడిపి కార్బొరండం రాతిపై, గంధపుచెక్కను సానపై అరగదీసినట్లు, వర్తులంగా రుద్దుతారు. ఒక మిల్లీమీటరులో ఇరవయ్యవ వంతు మందానికి వచ్చేవరకు ఓపికతో అరగదీయవలెను. తొందరపడిన చేతిలో బిళ్ళ విరుగుతుంది. కడిగి ఆరబెట్టి పలకపై అమర్చి చూస్తే, కణాలు నశించినా అవి నివసించిన గూళ్ళూ వాటిని కలిపే సన్నని దారులూ గాలితో నిండి నల్లగా, స్పష్టంగా కనబడతాయి.

రెండవది ఖనిజాన్ని కరిగించు పద్ధతి. ఎముక నుండి నాలుగైదు మిల్లీమీటర్ల ముక్కను తీసి మొదట ఫార్మలిన్‌లో ఉంచుతారు. దానివలన కణాలు చెడిపోకుండ యథాస్థితిలో నిలుస్తాయి. తరువాత పలుచని నత్రికామ్లంలోనో ఫార్మిక్ ఆమ్లంలోనో ముంచితే కాల్షియం లవణాలు క్రమంగా కరిగిపోయి ఎముక మృదులాస్థివలె వంగే స్థితికి వస్తుంది. ఖనిజం పూర్తిగా పోయినదీ లేనిదీ తెలుసుకొనుటకు వాడిన ఆమ్లానికి అమ్మోనియా చేర్చి, అమ్మోనియం ఆక్సలేటు కలుపుతారు. ద్రవం తెల్లగా మసకబారితే ఇంకను కాల్షియం వెలువడుతున్నదని అర్థం. తేటగా ఉంటే పని ముగిసినట్లు. ఆమ్లంలో ఎక్కువకాలం విడిచిపెడితే కణాలు రంగును పట్టుకొనే శక్తిని కోల్పోతాయి. కాబట్టి ఇది కాలం కనిపెట్టి చేయవలసిన పని. పిమ్మట ఆల్కహాలుతో నీటిని తొలగించి, జైలీన్‌లో ఉంచి, కరిగిన మైనంలో నాననిచ్చి దిమ్మెగా పోస్తారు. ఆ దిమ్మెను మైక్రోటోమ్ యంత్రంపై మిల్లీమీటరులో రెండువందలవ వంతు మందంగా కోసి హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు వేస్తారు. కణాల కేంద్రకాలు నీలంగా, తక్కిన భాగం గులాబీవన్నెగా కనిపిస్తాయి.

మొదటి పద్ధతిలో ఖనిజం నిలుస్తుంది, కణం నశిస్తుంది. రెండవదానిలో కణం నిలుస్తుంది, ఖనిజం పోతుంది. ఈ భేదాన్ని పాఠకులు గుర్తుంచుకొనవలెను. సుబ్బారావుగారి కథ చివర ఇది మరల మనకు అవసరమవుతుంది.

బోస్టన్ నగరంలో – భాస్వరపు కొలత

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహాయము, మామగారి సహాయము ఆధారంగా సుబ్బారావుగారు 1920 దశకపు తొలి సంవత్సరాలలో అమెరికా చేరారు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల వైద్యాన్ని అభ్యసించారు. చేతిలో డబ్బు లేదు. ఆయనకున్న పట్టంతో అక్కడ వైద్యవృత్తి చేసే వీలు లేదు. ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచే పని చేసి పొట్ట పోసుకున్నారు. మద్రాసులో పదిమందికి పాఠం చెప్పిన ఉపాధ్యాయుడు బోస్టన్‌లో ఈ పని చేయుటకు సిగ్గుపడలేదు.

ఆయన వచ్చిన తరువాత స్వదేశంలో కుమారుడు జన్మించాడు. తండ్రి ముఖం చూడకుండనే పసితనంలోనే ఆ బిడ్డ మరణించాడు. మూడేండ్లలో తిరిగి వస్తానని భార్యకు చెప్పి బయలుదేరిన సుబ్బారావుగారు మరల భారతదేశానికి రాలేదు. శేషగిరి గారు ఆయనను మరల చూడనే లేదు. ఈ త్యాగానికి సగం మూల్యం చెల్లించినది ఆ ఇల్లాలు. ఆ మాట మరచి ఆయన కీర్తిని మాత్రమే పాడుట న్యాయం కాదని మా అభిప్రాయం.

హార్వర్డులో జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రజ్ఞునితో కలిసి ఆయన పనిచేశారు. 1925లో వారిరువురి పేర్లతో రక్తము, మూత్రము మొదలగువాటిలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతి వెలువడింది. దాని సూత్రం సులభం. నమూనాకు ఆమ్లమును, మాలిబ్డేటు అనే లవణాన్ని చేర్చితే అది అందులోని ఫాస్ఫేటుతో కలుస్తుంది. మరొక రసాయనం కలిపితే ఆ ద్రవం నీలిరంగు పొందుతుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. తెలిసిన కొలతగల ద్రవంతో ఆ రంగును పోల్చి చూస్తే లెక్క తేలుతుంది. కొద్దిపాటి రక్తంతో, స్వల్పకాలంలో ముగిసే ఈ పరీక్ష ప్రపంచంలోని ప్రయోగశాలలన్నింటికీ వ్యాపించింది. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అన్న పేరు తరతరాల విద్యార్థులకు సుపరిచితం.

దీనికీ ఎముకకూ గల సంబంధమేమి? మన శరీరంలోని భాస్వరంలో సుమారు నూటికి ఎనుబదియైదు వంతులు ఎముకలలోను, దంతాలలోను ఉన్నది. ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకరపోయే రికెట్స్ వ్యాధిలో రక్తంలోని భాస్వరం తగ్గుట తరచుగా కనబడుతుంది. ఎముకను కోయనవసరం లేకుండ, బిడ్డ రక్తపు బొట్లనుండి ఎముక స్థితిని కొంతవరకు ఊహించుటకు ఇట్టి పరీక్ష దారి చూపింది.

ఈ సాధనమే మరి రెండు నూతన విషయాలను బయటపెట్టింది. కండరంలో శక్తిని నిలువచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను ఫిస్కే, సుబ్బారావులు 1927లో ప్రకటించారు. జీవులన్నింటిలోను శక్తికి నాణెం వంటిదైన ఏ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో వివరించారు. అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు మొదటిదానిని, జర్మనీలో కార్ల్ లోమన్ రెండవదానిని స్వతంత్రంగా కనుగొన్నారు. 1930లో సుబ్బారావుగారికి డాక్టరేటు పట్టం లభించింది. కాని హార్వర్డులో ఆయనకు శాశ్వతమైన ఆచార్యపదవి రాలేదు.

మజ్జకు మందు

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్ పట్టణంలోగల లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, కొద్దికాలంలోనే పరిశోధనలకు అధిపతి అయినారు. యౌవనంలో సోదరులను కబళించిన స్ప్రూ వ్యాధిని ఆయన మరువలేదు. కాలేయంలో రక్తహీనతను మాన్పగల పదార్థమేదో ఉన్నదని అప్పటికే వైద్యులు గుర్తించారు. భారతదేశంలో గర్భిణుల రక్తహీనతను పరిశోధించిన లూసీ విల్స్ అనే వైద్యురాలు, ఈస్టు నుండి తీసిన పదార్థం ఆ రోగానికి ఉపకరిస్తుందని 1930 ప్రాంతంలో చూపింది. ఆ మూలపదార్థమే ఫోలిక్ ఆమ్లం. సుబ్బారావుగారి నాయకత్వాన లెడర్లీ శాస్త్రజ్ఞులు దానిని వేరుచేసి, 1945–46 నాటికి కృత్రిమంగా తయారుచేయగలిగారు.

ఇక్కడ మరల ఎముకే మనకు కనబడుతుంది. రక్తకణాలు పుట్టేది ఎముకల నడుమనున్న మజ్జలో. ఫోలిక్ ఆమ్లం లోపించినప్పుడు మజ్జలోని కణాలు పెద్దవిగా ఉబ్బి, పక్వం కాకుండనే నిలిచిపోతాయి. రొమ్ము ఎముకలో సూదిని దింపి తీసిన మజ్జను పలకపై పూసి చూస్తే ఈ మార్పు తెలుస్తుంది. ఫోలిక్ ఆమ్లం ఇచ్చిన కొద్దిరోజులలో మజ్జ మామూలు రూపానికి రావడాన్ని వైద్యులు గమనించారు. స్ప్రూ రోగులకు కూడ ఆ మందు మేలు చేసింది. తన ఇంట ఇద్దరిని బలిగొన్న వ్యాధిపై పాతికేండ్ల తరువాత ఆయన ఆ విధంగా విజయం పొందారు.

ఆ విజయంలోనుండి ఊహించని మరొక దారి తెరచుకున్నది. బోస్టన్‌లో పిల్లల వైద్యుడైన సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరుతో మరణిస్తున్న శిశువులను చూస్తున్నాడు. ఫోలిక్ ఆమ్లపు జాతి పదార్థాలు ఆ రోగుల మజ్జలో క్యాన్సరు కణాలను మరింత రెచ్చగొడుతున్నవని అతనికి అనిపించింది. అట్లయితే ఫోలిక్ ఆమ్లానికి విరోధి అయిన పదార్థాన్ని ఇస్తే ఆ కణాలు ఆకలితో నశింపవలెను గదా! సుబ్బారావుగారి బృందం అట్టి విరోధిని తయారుచేసి పంపింది. దాని పేరు అమినోప్టెరిన్. పదునారుగురు పిల్లలకు ఇవ్వగా పదిమందికి కొంతకాలం వ్యాధి వెనుకకు తగ్గినదని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించాడు. అది తాత్కాలికమైన మేలు మాత్రమే. కాని అంతవరకు ఏ మందూ పనిచేయని రోగంపై మందు పనిచేయగలదని మొట్టమొదట రుజువైంది. ఆ కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేటును నేటికీ రక్తపు క్యాన్సరుకు, కీళ్ళవాతానికి వాడుతున్నారు. బోదకాలు వ్యాధికి మన ఊళ్ళలో ఆరోగ్య కార్యకర్తలు పంచిపెట్టే డి.ఇ.సి. మాత్ర కూడ 1947లో ఆయన నాయకత్వాన వెలువడినదే.

బంగారు సూక్ష్మజీవి

యుద్ధకాలంలో పెన్సిలిన్ ప్రాణదాతగా పేరు పొందింది. కాని అన్ని సూక్ష్మక్రిములపై అది పనిచేయదు. దానికంటె విస్తారంగా పనిచేసే మందు మట్టిలో దొరకవచ్చునని లెడర్లీలో అన్వేషణ సాగింది. ఉద్యోగవిరమణ చేసిన వృక్షశాస్త్ర ఆచార్యుడు బెంజమిన్ డగ్గర్‌కు సుబ్బారావుగారు ఈ పనిలో చోటు కల్పించారు. అప్పటికి డగ్గర్ వయసు డెబ్బదికి పైబడింది. వయసును చూచి కాదు, విద్యను చూచి మనిషిని ఎన్నుకొన్న తీరు ఇది. మిస్సోరి విశ్వవిద్యాలయపు సాన్‌బార్న్ పొలం నుండి వచ్చిన మట్టిలో 1945లో డగ్గర్ బంగారువన్నె గల ఒక సూక్ష్మజీవిని కనుగొన్నాడు. దానినుండి తీసిన పసుపుపచ్చని ఔషధానికి ఆరియోమైసిన్ అని పేరిడినారు. 1948లో అది వైద్యలోకానికి వెల్లడైంది. టెట్రాసైక్లిన్‌లు అనే ఔషధకుటుంబంలో మొదటిది ఇదే. 1994లో మన దేశంలో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం చేతికి వచ్చిన మందు ఈ కుటుంబపుదే.

ఆ 1948 సంవత్సరం ఆగస్టులోనే, యాభైనాలుగవ ఏట, సుబ్బారావుగారు నిద్రలో గుండె ఆగి మరణించారు. సొంత పేరును వెనుకనుంచి సహచరుల పేర్లను ముందు నిలుపుట ఆయన స్వభావం. అందువలన ఆయన మరణించిననాడు ఆయన ఎవరో ప్రపంచానికి అంతగా తెలియలేదు. అమెరికా పౌరసత్వం తీసుకొనకుండ భారతీయుడుగానే ఆయన కన్నుమూశారు. 1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భాన 1995లో భారత తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ళను విడుదల చేసింది.

ఎముకలో నిలిచిన గీత

ఆయన పోయిన తొమ్మిదేండ్లకు, 1957లో, అమెరికాలో మిల్చ్, రాల్, టోబీ అనే పరిశోధకులు ఒక వింత విషయం ప్రకటించారు. టెట్రాసైక్లిన్ మందు ఇచ్చిన జంతువుల ఎముకలను అతినీలలోహిత కాంతిలో చూస్తే అవి పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. కారణం ఇది. టెట్రాసైక్లిన్‌కు కాల్షియంతో గట్టిగా బంధం కుదురుతుంది. పాలతో కలిపి ఈ మందు తీసుకొనరాదని వైద్యులు చెప్పుటకు కారణమూ అదే. మందు తీసుకున్న రోజులలో ఎక్కడెక్కడ కొత్తగా ఖనిజం చేరుతున్నదో అక్కడ అది చిక్కుకొని నిలిచిపోతుంది. పిల్లల దంతాలపై పసుపు మరకలు మిగులుటకూ ఇదే కారణం గనుక చిన్నపిల్లలకు, గర్భిణులకు ఈ మందు ఇచ్చుట మానుకున్నారు.

ఒకచోట దోషమైనది మరొకచోట సాధనమైంది. 1960 దశకంలో హెరాల్డ్ ఫ్రాస్ట్ అనే వైద్యుడు దీనిని కొలబద్దగా మలచినవారిలో ముఖ్యుడు. రోగికి రెండు మూడు రోజులు టెట్రాసైక్లిన్ ఇస్తారు. పది పదునాలుగు రోజులు ఆపి మరల ఇస్తారు. కొద్దిరోజుల తరువాత నడుము ఎముక అంచునుండి చిన్న ముక్కను తీసి పలుచగా కోసి చూస్తే రెండు పసుపు గీతలు కనబడతాయి. ఆ రెంటి నడుమ దూరాన్ని రోజులతో భాగిస్తే ఎముక దినానికి ఎంత పెరుగుతున్నదో తేలుతుంది. వయోజనులలో అది మిల్లీమీటరులో వెయ్యవవంతుకు కూడ తక్కువ. అరచేతిలో గడియారం వలె ఎముకలో కాలాన్ని చదివే విద్య ఇది.

పైన మేము గుర్తుంచుకొమ్మన్న భేదం ఇక్కడ పనికివస్తుంది. ఆమ్లంలో ముంచి ఖనిజాన్ని కరిగిస్తే ఆ గీత కూడ ఖనిజంతోపాటు కరిగి మాయమవుతుంది. కాబట్టి ఎముకను ఖనిజంతో సహా నిలుపవలెను. గట్టి ప్లాస్టిక్ వంటి పదార్థంలో ఆ ముక్కను పోతపోసి, టంగ్‌స్టన్ కార్బైడ్ కత్తిగల బరువైన మైక్రోటోమ్‌తో కోస్తారు. లేదా వజ్రపు రంపంతో కోసి, పాతకాలపు పద్ధతిలోనే అరగదీస్తారు. రంగులు వేయకుండనే సూక్ష్మదర్శినికి తగిన కాంతి నిచ్చి చూస్తారు. ఈ గీత ఎంత శాశ్వతమైనదో 1980లో తెలిసింది. సూడాన్ దేశపు నూబియా ప్రాంతంలో పదునైదు శతాబ్దాలనాటి సమాధులలోని ఎముకలలో ఇదే మెరుపును పరిశోధకులు కనుగొన్నారు. ఆ జనం తిన్న ధాన్యంలోనో త్రాగిన పానీయంలోనో ఆ సూక్ష్మజీవి పెరిగి ఉండవలెనని వారి ఊహ.

మన నేల, మన ఎముకలు

ఇదంతా దూరదేశపు శాస్త్రమని మన విద్యార్థులు తలచరాదు. మన పొరుగు జిల్లా అయిన నల్లగొండలో బోరుబావుల నీటిలోని ఫ్లోరైడు వేలాది మంది వెన్నులను వంచింది. 1937లో నెల్లూరు ప్రాంతపు గ్రామాలలో షార్ట్ ప్రభృతులు ఈ వ్యాధిని గుర్తించారు. 1955లో హైదరాబాదు వైద్యుడు ఎ.హెచ్. సిద్దీఖీ నల్లగొండ రోగులను గూర్చి వ్రాశారు. ఫ్లోరైడు ఎముక ఖనిజంలోనికే చొచ్చుకొనిపోతుంది. అట్టి ఎముకను పలుచగా కోసి చూచిన పరిశోధకులకు ఖనిజం పట్టని పొరలు వెడల్పుగాను, ఖనిజం పట్టినచోట క్రమం తప్పి మచ్చలుమచ్చలుగాను కనబడినాయి. పైకి లావుగా, గట్టిగా తోచే ఎముక లోపల సరిగా కట్టబడలేదన్నమాట. త్రాగునీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదన్న హద్దును మన బావుల వద్ద అమలుపరచుటకు నీటిపరీక్ష చాలును. కాని హాని ఎట్లు జరిగినదో తెలుసుకొనుటకు ఎముకనే అడుగవలెను.

రేపు మన మూడు పట్టణాల వైద్య కళాశాలలలో చేరబోయే విద్యార్థులకు మేము చెప్పదలచినది ఒక్కటే. మీ చేతికి వచ్చే ఎముక పలకను పరీక్షలో గుర్తించి వ్రాసి మార్కులు పొందవలసిన వస్తువుగా మాత్రమే చూడకండి. దానిని అరగదీసిన చేతులలో ఓర్పు ఉన్నది. మెట్రిక్ తప్పినవాడు, తక్కువ పట్టంతో నెట్టివేయబడినవాడు, పరదేశంలో మలపాత్రలు కడిగినవాడు భాస్వరాన్ని కొలిచాడు, మజ్జను బాగుచేశాడు. ఆయన ఆదరణలో పుట్టిన మందు ఎముకలో ఒక గీత గీసింది. ఆ గీతపై ఎవరి పేరూ ఉండదు. సుబ్బారావుగారి కీర్తి కూడ బహుకాలం అట్లే ఉండిపోయింది. తగిన కాంతిని ప్రసరింపజేస్తే తప్ప అది కనబడదు. ఆ కాంతిని ప్రసరింపజేయుట మన విద్యాలయాల విధి.